ఇయర్ 11 పిల్లలున్న ఇంట్లో: సిక్స్త్ ఫారం ఎంచుకోవడం ఎలా

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగానికి, చివర అడిగిన ప్రశ్నలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మన తాతల కాలం వాళ్లు "నేను సిక్స్త్ ఫారం దాకా చదివానురా" అనడం మీలో కొందరు వినే ఉంటారు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవారు. ఆ లెక్కన పదకొండో తరగతి సిక్స్త్ ఫారం, దాని చివర ఎస్సెస్సెల్సీ పరీక్ష. ఇంగ్లండ్‌లో లెక్క కొంచెం వేరు. ఇక్కడ ఇయర్ 7 ఫస్ట్ ఫారం, ఇయర్ 11 ఫిఫ్త్ ఫారం, ఆపైన 12, 13 రెండేళ్లూ కలిపి సిక్స్త్ ఫారం. కింది ఫారాల పేర్లు దాదాపు అన్నిచోట్లా పోయి, ఇదొక్కటి మిగిలింది.

వయసు చూస్తే ఇది మన ఇంటర్మీడియెట్టే. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు, రెండేళ్ల చదువు. కానీ దీన్ని ఇంటర్ అనుకుని ఎంచుకోవడం దగ్గరే మనవాళ్లకి చిక్కులు మొదలవుతాయి. ఇంటర్‌కి మనం ముందు కాలేజీ చూస్తాం. ఏ కాలేజీలో ఎన్ని ర్యాంకులొచ్చాయి, హాస్టల్ ఉందా లేదా, ఫీజెంత. గ్రూపు సంగతి ఎంపీసీయా, బైపీసీయా అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. ఇక్కడ గ్రూపులు లేవు. పిల్లవాడు మూడు సబ్జెక్టులు విడివిడిగా ఏరుకుంటాడు, వీటినే ఎ-లెవెల్స్ అంటారు. రెండేళ్ల చదువుకీ పరీక్ష ఇయర్ 13 చివర మే, జూన్ నెలల్లో ఒకేసారి. యూనివర్సిటీ వాళ్లు ఆ మూడింటి గ్రేడ్ల మీదే సీటు ఇస్తామంటారు. అందుకని ఇక్కడ వరస తిరగబడుతుంది: ముందు సబ్జెక్టులు, ఆ తర్వాత అవి బాగా చెప్పే చోటు. ఇవాళ చెప్పేదంతా ఈ వరసలోనే చెబుతాను.

ముందుగా చట్టం గురించి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో 2015 నుంచి 18 ఏళ్లు నిండేదాకా ఏదో ఒక చదువులోనో, శిక్షణలోనో ఉండాలి. అది స్కూల్లోనే ఉండక్కర్లేదు. స్కూలుకి అనుబంధంగా ఉన్న సిక్స్త్ ఫారం కావచ్చు, విడిగా ఉండే సిక్స్త్ ఫారం కాలేజీ కావచ్చు, ఎఫ్‌ఈ (ఫర్దర్ ఎడ్యుకేషన్) కాలేజీ కావచ్చు, అప్రెంటిస్‌షిప్ కావచ్చు. ప్రభుత్వ సంస్థల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు, వేల్స్‌లో కూడా తేడాలున్నాయి. నేను మాట్లాడేది ఇంగ్లండ్ గురించి మాత్రమే.

ఇక సబ్జెక్టులు. ఇయర్ 11 చివర రాసే జీసీఎస్ఈ పరీక్షల గ్రేడ్లు 9 నుంచి 1 దాకా ఉంటాయని మీకు తెలుసు. 4 వస్తే పాస్, 5 వస్తే స్ట్రాంగ్ పాస్ అంటారు. ఎ-లెవెల్స్‌లో చేరడానికి చాలా చోట్ల కనీసం అయిదు సబ్జెక్టుల్లో 4 గానీ 5 గానీ అడుగుతారు. ఇది గేటు మాత్రమే. లోపల ప్రతి సబ్జెక్టుకీ మళ్లీ ఒక తలుపు ఉంటుంది. ఎ-లెవెల్ మ్యాథ్స్‌కి సాధారణంగా జీసీఎస్ఈ మ్యాథ్స్‌లో 6 గానీ 7 గానీ, ఫర్దర్ మ్యాథ్స్‌కి 7 గానీ 8 గానీ, సైన్సులకి ఆ సైన్సులో 6, పక్కనే మ్యాథ్స్‌లో కూడా 6 అడగడం మామూలు. కాలేజీ కాలేజీకి మారుతుంది కాబట్టి వాళ్ల ప్రాస్పెక్టస్‌లో చివరి పేజీల్లో ఉండే పట్టిక చూడండి. ముందు పేజీల్లో నవ్వుతున్న పిల్లల ఫొటోలుంటాయి, వాటితో పని లేదు.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఒకటుంది. జీసీఎస్ఈ మ్యాథ్స్‌లో రెండు రకాల పేపర్లుంటాయి: ఫౌండేషన్, హయ్యర్. ఫౌండేషన్ పేపర్ రాస్తే ఎంత బాగా రాసినా 5 దాటదు. అంటే ఇయర్ 10లోనో 11లోనో పిల్లవాణ్ని ఫౌండేషన్‌లో వేశారంటే ఎ-లెవెల్ మ్యాథ్స్ తలుపు ఆ రోజే మూసుకుపోయినట్టు. కంబైన్డ్ సైన్స్‌లోనూ అంతే, దానికి రెండు గ్రేడ్లిస్తారు, ఫౌండేషన్‌లో 5-5 దగ్గర ఆగిపోతుంది. పేరెంట్స్ ఈవెనింగ్‌లో "మా అమ్మాయి ఎలా చదువుతోంది" అని అడిగితే "షి ఈజ్ లవ్లీ" అంటారు. లవ్లీయే, కాదనను. కానీ అడగాల్సింది "ఏ టియర్‌లో వేశారు, ఎందుకు వేశారు" అని. పరీక్షలకు పేర్లు పంపేది మామూలుగా ఫిబ్రవరిలో. ఆలోపు అయితే మాట్లాడి మార్పించుకునే వీలుంటుంది.

మూడు సబ్జెక్టులు ఏవి అన్నది వెనక నుంచి ఆలోచించాలి. ఇంజనీరింగ్ అనుకుంటే మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ దాదాపు తప్పనిసరి. మూడోది ఫర్దర్ మ్యాథ్స్ అయితే మంచిదే, కెమిస్ట్రీ అయినా పరవాలేదు. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే చాలావరకు అన్ని మెడికల్ కాలేజీల తలుపులూ తెరిచే ఉంటాయి. మూడోది దాదాపు ఏదైనా సరే. బైపీసీ అలవాటు కొద్దీ ఫిజిక్స్ కూడా పెట్టించేస్తుంటారు మనవాళ్లు. అక్కడ అడిగేది గ్రేడు. పిల్లకి ఇంగ్లీష్ లిటరేచర్‌లో ఎ వచ్చే అవకాశం ఉండి ఫిజిక్స్‌లో బి వచ్చేట్టుంటే, లిటరేచర్ తీసుకోవడమే లాభం.

కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి కంప్యూటర్ సైన్స్ ఎ-లెవెల్ కావాలనుకుంటారు. పేరున్న యూనివర్సిటీలు అడిగేది మ్యాథ్స్, ఇంపీరియల్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల ఫర్దర్ మ్యాథ్స్ ఉంటే ఇంకా ఇష్టపడతారు. ఎకనామిక్స్ డిగ్రీ కూడా అంతే. ఎల్‌ఎస్‌ఈలో (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), కేంబ్రిడ్జ్‌లో మ్యాథ్స్ లేకుండా అప్లికేషనే చెల్లదు, ఎకనామిక్స్ ఎ-లెవెల్ లేకపోయినా చెల్లుతుంది.

నాలుగో ఎ-లెవెల్ గురించి. "పక్కింటి వాళ్ల అబ్బాయి నాలుగు చేస్తున్నాడు" అన్న మాట వినగానే మనకి నిద్ర పట్టదు. యూనివర్సిటీల ఆఫర్లు మూడింటి మీదే ఉంటాయి. మ్యాథ్స్ ఇష్టపడే పిల్లలు ఫర్దర్ మ్యాథ్స్‌ని నాలుగోదిగా చేయడంలో అర్థముంది. మిగతా సందర్భాల్లో ఎ, ఎ, బి, బి కంటే మూడు ఎ-లు నయం. ఎక్కువ చేయాలని ఉబలాటం ఉంటే ఈపీక్యూ అని ఒక ప్రాజెక్టు ఉంది. పిల్లలే ఒక ప్రశ్న ఎంచుకుని చదివి అయిదు వేల పదాల వ్యాసం రాయడమో, ఏదైనా తయారుచేసి చూపించడమో. యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లు చూసే సంస్థ) పాయింట్లలో అది సగం ఎ-లెవెల్‌తో సమానం: ఎ-స్టార్ ఎ-లెవెల్‌కి 56, ఈపీక్యూలో ఎ-స్టార్‌కి 28. కొన్ని యూనివర్సిటీలు ఈపీక్యూ బాగా చేస్తే ఆఫర్ ఒక గ్రేడు తగ్గిస్తాయి కూడా.

టీ-లెవెల్స్ అనే వృత్తి కోర్సుల సంగతి క్లుప్తంగా. 2020లో మొదలయ్యాయి. ఒక టీ-లెవెల్ మూడు ఎ-లెవెల్స్‌కి సమానం, కనీసం 315 గంటలు ఒక సంస్థలో పనిచేయాలి. ఏ వృత్తిలోకి వెళ్లాలో పదహారేళ్లకే స్పష్టంగా తెలిసిన పిల్లలకి మంచిది. తెలియని పిల్లలకి ఇరుకు, ఎందుకంటే రెండేళ్లూ ఒకే విషయం. బీటెక్ అనే పేరు విని మన బీటెక్ అనుకోకండి. అది వేరే రకం వృత్తి కోర్సు, స్పెల్లింగు కూడా వేరే (BTEC). వాటిలో చాలావాటికి నిధులు ఆపే ప్రక్రియ నడుస్తోంది కాబట్టి, మీ పిల్లలు చేరే సంవత్సరంలో ఆ కోర్సు ఉంటుందా అని కాలేజీని నేరుగా అడగండి.

సరే, సబ్జెక్టులు తేలాయి అనుకుందాం. ఇప్పుడు చోటు.

స్కూలు సిక్స్త్ ఫారం అంటే పిల్లవాడు ఇప్పుడు చదువుతున్న చోటో, అలాంటి ఇంకో స్కూలో. టీచర్లకి పిల్లలు తెలుసు. యూనిఫారమో, ఆఫీసు బట్టలో ఉంటాయి. రాకపోతే ఇంటికి ఫోను వస్తుంది. దీని బలహీనత సబ్జెక్టుల సంఖ్య. ఇయర్ 12లో 80 మంది ఉన్న స్కూల్లో ఫర్దర్ మ్యాథ్స్‌కి నలుగురే వస్తే ఆ క్లాసు నడపడం స్కూలుకి గిట్టదు. ప్రాస్పెక్టస్‌లో ఉన్న సబ్జెక్టు సెప్టెంబరులో మాయమయ్యేది ఇలాంటి చోట్లే.

విడి సిక్స్త్ ఫారం కాలేజీ అంటే 16 నుంచి 19 ఏళ్ల పిల్లలకే. మొదటిది 1966లో లూటన్‌లో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో హిల్స్ రోడ్, వించెస్టర్‌లో పీటర్ సైమండ్స్, ఫార్న్‌బరోలో ఫార్న్‌బరో సిక్స్త్ ఫారం కాలేజీ, ఇవన్నీ వేలల్లో పిల్లలున్న చోట్లు. ముప్పై, నలభై సబ్జెక్టులుంటాయి. ఒక్క మ్యాథ్స్‌కే పది, పదిహేను సెట్లుండొచ్చు. టీచర్లని పేరు పెట్టి పిలుస్తారు, మనకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ అక్కడ అదే మర్యాద. యూనిఫారం లేదు. మధ్యలో ఖాళీ పీరియడ్లుంటే గేటు దాటి బయటికి వెళ్లొచ్చు. అక్కడే అసలు పరీక్ష. ఒక్కో ఎ-లెవెల్‌కి వారానికి నాలుగున్నర నుంచి అయిదు గంటలు పాఠం, అంటే మూడింటికీ కలిపి దాదాపు పదిహేను గంటలు. మిగతాది సొంతంగా చదువుకోవాల్సిన సమయం. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే కాలేజీలు చూసి వచ్చిన మనకి "మంగళవారం మధ్యాహ్నం క్లాసుల్లేవు" అంటే మోసంలా అనిపిస్తుంది. మోసం కాదు, పద్ధతే అంత. కానీ ఎవరైనా అడిగితేనే చదివే పిల్లలు, చెప్పకపోతే ఫోను పట్టుకుని కూర్చునే పిల్లలు ఈ ఖాళీల్లోనే జారిపోతారు. మీ పిల్లల సంగతి మీకే తెలుసు, పేరున్న కాలేజీ కదా అని ఆ తెలిసిన సంగతి పక్కన పెట్టకండి.

ఎఫ్‌ఈ కాలేజీలు వృత్తి కోర్సులకీ, జీసీఎస్ఈ మళ్లీ రాయాల్సిన వాళ్లకీ బాగుంటాయి. ఇక మ్యాథ్స్ స్కూళ్లని కొన్ని ఉన్నాయి. లండన్‌లో కింగ్స్ కాలేజ్ లండన్ మ్యాథమెటిక్స్ స్కూలు, ఎక్సిటర్‌లో ఒకటి 2014లో మొదలయ్యాయి, తర్వాత మరికొన్ని వచ్చాయి. ఫీజు లేదు. వీటికి సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. లెక్కలంటే నిజంగా ప్రాణం పెట్టే పిల్లలకే, ర్యాంకు కోసం లెక్కలు చేసే పిల్లలకి కాదు. ప్రైవేటు స్కూళ్ల సంగతి ఒక్క వాక్యం: 2025 జనవరి నుంచి ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది, రెండేళ్ల మొత్తం లెక్క వేసుకుని దిగండి.

పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే గ్రామర్ స్కూళ్ల ఊసెత్తకపోతే ఈ హాల్లోంచి నన్ను వెళ్లనివ్వరు. ఇయర్ 12లో చాలా గ్రామర్ స్కూళ్లు బయటి పిల్లల్ని తీసుకుంటాయి. ఇయర్ 7 కోసం రాసే లెవెన్ ప్లస్ పరీక్ష ఇక్కడ ఉండదు, జీసీఎస్ఈ గ్రేడ్లే ఆధారం. సొంత పిల్లలకి మొదట చోటిచ్చి, మిగిలినవి బయటివాళ్లకి గ్రేడ్ల మొత్తం చూసి ఇస్తారు. స్కూళ్లకి వర్తించే అడ్మిషన్స్ కోడ్ ప్రకారం సీటు ఇవ్వాలా వద్దా అన్నది ఇంటర్వ్యూ మీద తేల్చకూడదు. కోర్సు గురించి మాట్లాడే సమావేశం పెట్టుకోవచ్చు, అంతే. సీటు ఇవ్వకపోతే అప్పీలు హక్కు ఉంది. విడి సిక్స్త్ ఫారం కాలేజీలకి ఈ కోడ్ వర్తించదు, వాళ్ల నియమాలు వాళ్లవి.

ఇప్పుడు అంకెలు. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, మోసపోయేది ఇక్కడే కాబట్టి.

బ్యానర్ మీద "98 శాతం ఉత్తీర్ణత" అని రాస్తారు. ఎ-లెవెల్‌లో పాస్ అంటే ఎ-స్టార్ నుంచి ఇ దాకా. 2025లో యూకే మొత్తం మీద పాసైంది 97.5 శాతం. అంటే 98 గొప్ప కాదు, దేశమంతటి మాటే. ఎ-స్టార్, ఎ కలిపి దేశంలో 28.3 శాతం. ఒక కాలేజీ "మాకు 50 శాతం" అందనుకోండి. బాగుందా? అది చేర్చుకున్న పిల్లలెవరో తెలిస్తే గానీ చెప్పలేం. జీసీఎస్ఈలో సగటున 8 వచ్చిన పిల్లల్నే ఏరి తీసుకున్న చోట 50 శాతం రావడం పెద్ద విశేషమేమీ కాదు. ఇంకో కాలేజీ సగటున 5.5 ఉన్న పిల్లల్ని తీసుకుని 25 శాతం తెచ్చిందంటే అక్కడ పాఠం చెబుతున్నారని అర్థం.

ఈ తేడా చూపించే అంకె ఒకటి ప్రభుత్వమే ప్రచురిస్తుంది. స్కూళ్ల, కాలేజీల ఫలితాలు పోల్చి చూసే ప్రభుత్వ వెబ్‌సైటులో ఎ-లెవెల్ ప్రోగ్రెస్ స్కోరు అని ఉంటుంది. జీసీఎస్ఈలో ఇలాంటి గ్రేడ్లే వచ్చిన దేశంలోని మిగతా పిల్లలతో పోలిస్తే ఇక్కడి పిల్లలు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ సాధించారు అన్నది ఆ అంకె. సున్నా అంటే సగటు. +0.5 అంటే ఒక్కో సబ్జెక్టులో సగం గ్రేడు ఎక్కువ. -0.3 అంటే మూడో వంతు గ్రేడు దగ్గర్లో తక్కువ. దాని పక్కనే ఒక పరిధి ఇస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని. చిన్న సిక్స్త్ ఫారంలో ఆ పరిధి చాలా వెడల్పుగా ఉంటుంది, అప్పుడు ఆ అంకెని మరీ నమ్మకండి. పరిధి మొత్తం సున్నాకి పైనే ఉంటే ఆ కాలేజీ నిజంగా బాగా చెబుతోందని ధైర్యంగా అనుకోవచ్చు.

ఇంకో అంకె నిలిచినవాళ్లది. వంద మంది చేరి, ఎనభై మంది పరీక్ష రాశారనుకోండి. శాతాలన్నీ ఆ ఎనభై మంది మీదే లెక్కిస్తారు. పోయిన ఇరవై మంది ఎటు పోయారు? కొందరు కోర్సు మారి ఉంటారు, కొందరిని ఇయర్ 12 చివర పరీక్షలో తక్కువ వచ్చిందని "నీకిది సరిపడదు" అని సాగనంపి ఉంటారు. 2017లో లండన్‌లోని ఒక గ్రామర్ స్కూల్లో ఇలాగే ఇయర్ 12 చివర కొందరిని ఇయర్ 13లోకి రానివ్వకపోతే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. స్కూలు వెనక్కి తగ్గింది. చేర్చుకున్న పిల్లల్ని మార్కులు తక్కువని మధ్యలో పంపేయడానికి స్కూలుకి అధికారం లేదు. అయినా సున్నితంగా నెట్టడం కొన్నిచోట్ల జరుగుతుంది. అదే ప్రభుత్వ సైటులో ఎంతమంది కోర్సు పూర్తిచేశారో కూడా ఉంటుంది, ఆ గడి తప్పక చూడండి.

స్కూళ్లని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ రిపోర్టు కూడా చదవండి. 2025 నవంబరు నుంచి రిపోర్ట్ కార్డు పద్ధతి వచ్చింది, స్కూలుకి సిక్స్త్ ఫారం ఉంటే దానికి వేరే గ్రేడు ఇస్తారు. మొత్తం స్కూలు గ్రేడు కాదు, ఆ భాగమే మీకు కావాల్సింది.

ఓపెన్ డేలు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉంటాయి. వెళ్లినప్పుడు ప్రిన్సిపల్ ఉపన్యాసం కన్నా మీ పిల్లలు తీసుకునే మూడు సబ్జెక్టుల గదులకి వెళ్లి, అక్కడి టీచర్లతో మాట్లాడటం ముఖ్యం. పోయినేడాది ఈ సబ్జెక్టులో ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు అని అడగండి. ఇద్దరు టీచర్లు పంచుకుని చెబుతారా, ఒకరేనా? ఫిజిక్స్ టీచరు ఫిజిక్స్ చదివినవారేనా? ఫిజిక్స్ టీచర్ల కొరత ఈ దేశంలో చాలా ఏళ్లుగా ఉంది, అడగడంలో తప్పులేదు. ప్రెడిక్టెడ్ గ్రేడ్లు ఎలా వేస్తారు అన్నది మరీ ముఖ్యం. యూకాస్ అప్లికేషన్లో వెళ్లేది ఆ అంచనా గ్రేడే. ఎక్కువ చోట్ల ఇయర్ 12 చివర జూన్ పరీక్ష మీద వేస్తారు. ఆ ఒక్క పరీక్షేనా, సెప్టెంబరులో మళ్లీ అవకాశం ఇస్తారా? మెడిసిన్‌కీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకీ యూకాస్ గడువు అక్టోబరు 15. కాబట్టి సెప్టెంబరు పరీక్ష ఉన్నా దాని ఫలితం త్వరగా రావాలి.

ఇంకొకటి, టైమ్‌టేబుల్ బ్లాకులు. ప్రతి కాలేజీ సబ్జెక్టుల్ని నాలుగైదు వరసల్లో పెడుతుంది. ఒకే వరసలో ఉన్న రెండు సబ్జెక్టులు ఒకే పిల్లవాడు తీసుకోలేడు. ఫ్రెంచ్, ఫర్దర్ మ్యాథ్స్ రెండూ ఒక్కచోటే ఒకే వరసలో ఉన్నాయంటే మీ పిల్లల కలయిక కుదరదు. పెద్ద కాలేజీల్లో ఒక్కో సబ్జెక్టు మూడు నాలుగు వరసల్లో ఉంటుంది కాబట్టి ఈ సమస్య తక్కువ. చిన్న సిక్స్త్ ఫారంలో ముందే అడగాలి. భాషల మాట వచ్చింది కాబట్టి: గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూలకి ఇక్కడ జీసీఎస్ఈ ఉంది. తెలుగుకి లేదు. ఇంట్లో నేర్పిన తెలుగు సర్టిఫికెట్టుకి పనికిరాదు గానీ, మానకండి.

అప్లికేషన్లు అక్టోబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా. సెకండరీ స్కూలుకి కౌన్సిల్ ద్వారా ఒకే ఫారం నింపారు కదా, ఇక్కడ అలా కాదు. ఎక్కువ ప్రాంతాల్లో ఒక్కో కాలేజీకి విడిగా పెట్టుకోవాలి. మూడు నాలుగింటికి పెట్టుకోవచ్చు, తప్పేం కాదు. ఆఫర్లు షరతుతో వస్తాయి: ఫలానా గ్రేడ్లు వస్తే సీటు. సొంత స్కూలు సిక్స్త్ ఫారానికి కూడా ఒక అప్లికేషన్ పెట్టి ఉంచండి. ఒక ఆఫర్ మీ పిల్లల అంచనా గ్రేడ్లకంటే కాస్త కిందిది ఉండేలా చూసుకోండి. ఆగస్టులో అదే ఆదుకుంటుంది.

జూన్ చివర, జూలైలో టేస్టర్ రోజులు పెడతారు. తర్వాత ఆగస్టులో ఒక గురువారం ఎ-లెవెల్ ఫలితాలు, ఆ తర్వాతి గురువారం జీసీఎస్ఈ ఫలితాలు. చాలా చోట్ల ఆ గురు, శుక్రవారాల్లోనే ఎన్‌రోల్‌మెంట్. ఒక్క గ్రేడు తక్కువైతే వెంటనే ఫోను చేయకండి, నేరుగా వెళ్లండి. వేరే పిల్లలు రాకపోవడంతో ఖాళీలుంటాయి. మార్కులు మళ్లీ దిద్దమని అడగొచ్చు, కానీ జవాబుకి దాదాపు ఇరవై రోజులు పట్టొచ్చు, కాలేజీ అంతకాలం సీటు పట్టి ఉంచకపోవచ్చు. మ్యాథ్స్‌లో గానీ ఇంగ్లీషులో గానీ 4 రాకపోతే ఎక్కడ చేరినా ఆ సబ్జెక్టు మళ్లీ చదవాల్సిందే. ఆ రెండింటికే నవంబరులో పరీక్ష ఉంటుంది.

చేరాక సబ్జెక్టు మార్చుకోవాలంటే మొదటి ఆరు వారాల్లోనే. ఎందుకు ఆరు? పిల్లవాడు ఆరు వారాలు నిలిచాకే కాలేజీకి అతని తాలూకు నిధులు లెక్కకొస్తాయి. అందుకే అక్టోబరు మధ్యకల్లా తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత కాలేజీ మారితే ఇంకో చిక్కు, ఎగ్జామ్ బోర్డు. ఒకచోట ఏక్యూఏ, ఇంకోచోట ఓసీఆర్ అయితే సగం పాఠాలు మళ్లీ చదువుకోవాలి.

ప్రయాణం. లండన్‌లో 16+ జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సు, ట్రామ్ ఉచితం. బయట మాత్రం 16 దాటాక ఉచిత ప్రయాణం హక్కు కాదు. మీ కౌన్సిల్ ప్రతి ఏడాది మే 31లోపు పోస్ట్-16 రవాణా విధానం ప్రచురించాలి, అందులో ఏమిస్తారో ఉంటుంది. దారి శనివారం కాకుండా వారంరోజుల్లో పొద్దున ఎనిమిదికి వెళ్లి చూడండి. పోను గంటన్నర, రాను గంటన్నర అంటే వారానికి పదిహేను గంటలు, దాదాపు పాఠాలు జరిగినంత సేపు.

చైల్డ్ బెనిఫిట్ తీసుకునే ఇళ్లవాళ్లు పిల్లలు చదువు కొనసాగిస్తున్నారని పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి తెలియజేయాలి, లేకపోతే 16 నిండిన తర్వాత వచ్చే ఆగస్టు 31తో ఆగిపోతుంది.

వీసా సంగతి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారి పిల్లలకి సిక్స్త్ ఫారం చదువు మామూలుగా ఉచితమే. దెబ్బ తగిలేది తర్వాత. యూనివర్సిటీలో హోమ్ ఫీజు (ఇక్కడివాళ్లకుండే తక్కువ ఫీజు) కావాలంటే, సాధారణంగా, కోర్సు మొదలయ్యే రోజుకి పిల్లలకి ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) లాంటి స్థిర హోదా ఉండి, అంతకు ముందు మూడేళ్లు ఇక్కడే నివసించి ఉండాలి. లేకపోతే ఓవర్సీస్ ఫీజు. ఇంజనీరింగ్, సైన్సుల్లో ఏడాదికి పాతిక వేల పౌండ్లు దాటడం మామూలే, మెడిసిన్‌లో ఇంకా ఎక్కువ, సీట్లు కూడా చాలా తక్కువ. ఐఎల్‌ఆర్ నిబంధనల మీద మార్పులు నడుస్తున్నాయి కాబట్టి మీ తేదీ ఎప్పుడు పడుతుందో ఇయర్ 11లోనే లెక్క చూసుకోండి, ఇయర్ 13లో కాదు.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: మా బాబు ఇండియాలో పదో తరగతి పాసై వచ్చాడండీ. జీసీఎస్ఈ లేదు. చేర్చుకుంటారా?

చేర్చుకుంటారండీ, కానీ నేరుగా కాదు. మార్కుల మెమో ఇంగ్లీషులో ఉంటే సరే. యూకే ఎనిక్ అనే సంస్థ నుంచి సమానత్వ పత్రం తీసుకోండి. చాలా కాలేజీలు సొంతంగా మ్యాథ్స్, ఇంగ్లీష్ పరీక్ష కూడా పెడతాయి. వయసు ముఖ్యం. 18 దాటాక చేరే విద్యార్థికి కాలేజీకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు తగ్గుతుంది, అందుకని వెనకాడతారు. ఒక ఏడాది వేస్టు చేయకుండా వచ్చిన వెంటనే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిలు రాయండి.

ప్రశ్న: గ్రామర్ స్కూల్లో ఉన్న అమ్మాయిని సిక్స్త్ ఫారం కాలేజీకి మార్చమంటారా?

అమ్మాయికి కావాల్సిన మూడు సబ్జెక్టులూ అక్కడ ఉండి, తను బాగానే ఉంటే మార్చక్కర్లేదండీ. తనే మారతానంటే ఎందుకో వినండి. స్నేహితులు వెళ్తున్నారనా, లేక అక్కడ సబ్జెక్టు లేదనా, లేక ఆ వాతావరణంలో ఊపిరాడటం లేదనా? మొదటిది తప్ప మిగతా రెండూ గట్టి కారణాలే.

ప్రశ్న: మేం జూలైలో హైదరాబాదు వెళ్లి సెప్టెంబరు మొదటి వారం వద్దామనుకుంటున్నాం. ఎన్‌రోల్‌మెంట్ ఆన్‌లైన్లో అవుతుందా?

కొన్ని కాలేజీల్లో అవుతుంది, చాలా చోట్ల పిల్లలే స్వయంగా రావాలంటారు. ఫలితాల స్లిప్పు వేరేవాళ్లు తీసుకోవచ్చు, దానికి పిల్లల చేత ముందే సంతకం చేయించిన ఉత్తరం స్కూలుకి ఇచ్చి వెళ్లాలి. ఎన్‌రోల్‌మెంట్‌కి రాకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్లకి పోతుంది. గ్రేడ్లు అనుకున్నట్టు రాకపోతే హైదరాబాదు నుంచి రాత్రిపూట ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. ఫలితాల గురువారానికి రెండు రోజుల ముందు ఇక్కడ దిగేట్టు తిరుగు టికెట్ తీసుకోండి. వచ్చేటప్పుడు పిల్లల పాస్‌పోర్టు చేతి సంచిలో పెట్టుకోండి, ఈ-వీసా షేర్ కోడ్ తీసి ఉంచుకోండి, ఇంటి అడ్రసుకి కౌన్సిల్ ట్యాక్సు బిల్లు ఒకటి. ఎన్‌రోల్‌మెంట్ బల్ల దగ్గర వాళ్లు అడిగేది ఈ మూడూ, ఫలితాల స్లిప్పూ.